తిత్తి పగలకుండా

ఆమె పోయిందని మా వారు వచ్చి చెప్పినప్పుడు నేను గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి ఉన్నాను. వచ్చే ఆదివారం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. అది ఆమె వచ్చే రోజు. మూడు నెలలకొకసారి పొద్దున్నే ఒక చిన్న స్టీలు గిన్నె పట్టుకుని మా వీధి చివర కొళాయి దగ్గరికి వచ్చేది. వీధిలోకి మాత్రం రాదు. అక్కడ నిలబడే నన్ను పిలిచేది. ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు.

"నిద్రలోనే పోయిందంట. కష్టపడలేదంట," అన్నారు మా వారు.

నేను కూచున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. ముందుగా నా కుడి చెయ్యి పక్కటెముకల కిందికి పోయింది. అక్కడిప్పుడు ఏమీ లేదు. నాలుగు చిన్న మచ్చలున్నాయి, ఒక్కొక్కటీ చింతగింజంత కూడా లేదు. అయినా గుండె అదిరినప్పుడల్లా నా చెయ్యి అక్కడికే పోతుంది. కడుపును తాకదు. జానెడు దూరంలో, గాలికి దీపం ఆరకుండా అడ్డం పెట్టినట్టు ఆగిపోతుంది. ఈ అలవాటు నాది కాదు, ఆమెది.

తిరుపతిలో పెద్దాసుపత్రి ఆడవాళ్ళ వార్డులో ఆమెను మొదట చూసినప్పుడు అట్లాగే నడుస్తూ ఉంది. ఎడమచెయ్యి కడుపు ముందర, కుడిచేత్తో గోడ పట్టుకుని, అడుగు మీద అడుగు. ఎవరైనా ఎదురొస్తే పక్కకు జరిగి, వాళ్ళు దాటిపోయిందాకా నిలబడేది. మంచాల మధ్య పరుగెత్తే ఆయా మీద కసిరేది. "మెల్లగా పోమ్మే, నీ మోచెయ్యి తగిలితే నేను ఈడనే సమాధి."

నేను పక్క మంచం మీద గోడకు ఆనుకుని కూచుని ఉన్నాను. నాదీ అదే భయం కాబట్టి నాకు నవ్వు రాలేదు.

నాకు పక్కటెముకల కింద బరువుగా మొదలైంది. గ్యాసు అనుకున్నాను, వాము నమిలాను. ఏడాది గడిచాక స్కానింగు తీస్తే కాలేయంలో నీళ్ళతిత్తి ఉందన్నారు. పెద్ద నిమ్మకాయంతో, జామకాయంతో కాదు, కొబ్బరికాయంత. అందులో ఉండేది మామూలు నీళ్ళు కావని, ఒక రకం పురుగు కట్టుకున్న ఇల్లని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. కడుపు కొయ్యకుండా నాలుగు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాంట్లో కెమెరా పెట్టి తీస్తామంది. అంతవరకూ ధైర్యంగానే విన్నాను. ఆ తరవాత ఒక మాట అంది. "దెబ్బ తగలకుండా చూసుకోండి. లోపల పగిలితే ఆ నీళ్ళు ఒంటికి పడవు. ప్రాణానికి ముప్పు. మిగతా చోట్ల కూడా కొత్త తిత్తులు మొలుస్తాయి."

ఆ రోజునుంచి నేను నా ఒంట్లోనే దొంగలాగా బతికాను. పురుగును చంపే మాత్రలు వాడమన్న వారాలన్నీ వంగలేదు. ఆటో ఎక్కలేదు. తిరుపతికి పోవాల్సి వచ్చినప్పుడల్లా పాకాలలో రైలెక్కేదాన్ని, బస్సయితే గుంతల్లో ఎగరేస్తుందని. దేవుడి ముందు సాష్టాంగపడడం మానేశాను. చిన్నప్పుడు మా నాయన నన్ను బడికి పంపకుండా వసారాలో కూచోబెట్టి చదువు చెప్పారు. పొద్దున మొదటి పాఠానికి ముందు నేలకు నుదురు ఆనించి దండం పెట్టించేవారు. ముప్పై అయిదేళ్ళలో ఒక్కనాడూ తప్పని దండం. ఇప్పుడు నిలబడే చేతులు జోడిస్తుంటే, దేవుడికి కూడా నా కడుపులో ఏముందో తెలిసిపోయి దూరంగా నిలబడ్డట్టు అనిపించేది.

వార్డులో చేరిన రోజే ఒక చిన్న డాక్టరు వచ్చి ఇద్దరినీ కలిపి అడిగాడు. "ఇంట్లో కుక్కలున్నాయా? గొర్రెలు, మేకలు?"

"గొర్రెల్లోనే పుట్టినా నాయనా. మాది మాంసం అంగడి," అంది ఆమె.

"మేము మాంసం ముట్టం. కుక్కను పెంచడం లేదు," అన్నాను నేను. అతను రాసుకుని పోయాడు. ఆ జవాబులో నేను అబద్ధం చెప్పానని అప్పుడు నాకు తెలియదు.

అంగడి ఎక్కడని అడిగితే పాకాల అంది. ఏ వీధి అంటే, మా ఇంటికి రెండు సందుల అవతల. ఆదివారాలు ఆ సందు తప్పించి చుట్టూ తిరిగి పూలు తెచ్చుకునేదాన్ని నేను. అందుకే ఇన్నేళ్ళూ ఒకే ఊళ్ళో ఉండి ఆమె ముఖం చూడలేదు. ఆమె నన్ను చూసిందట. "ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పొయ్యేది నువ్వే గదా. నడక చూసి కనుక్కున్నా," అంది. నాకు సిగ్గేసింది. ఆమె కోపంతో అనలేదు. గొర్రె నడక చూసి దాని జబ్బు చెప్పగలిగే మనిషి. మనుషులను కూడా అట్లాగే చూసేది. ఆయా వెనక్కి తిరిగితే, "దీనికి మోకాళ్ళలో జిగురు లేదు" అనేది. పెద్ద డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చి పోయాక, "ఆయమ్మ పొద్దున ఏమీ తిని రాలేదు, కండ్లు సూడు" అనేది.

నా శాకాహారం సంగతి తెలిశాక ఆమె నాకు ఏదీ చేతికివ్వలేదు. కమలాపండు ఒలిచినా, మంచినీళ్ళ సీసా అందించినా, మా మంచాల మధ్యనున్న స్టూలు మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేది. "తీసుకో పాపా. నా చేతులు నీకొద్దులే, ముప్పై ఏండ్లుగా గొర్రెపేగులు, బోటి కడిగిన చేతులు." నేను వద్దనలేదు. కానీ, ఇవ్వమ్మా అని చెయ్యి చాపనూ లేదు. ఇప్పుడు తలచుకుంటే అదే గుచ్చుకుంటుంది.

ఆపరేషను గురించి నాకు ఆమే విడమరిచి చెప్పింది. డాక్టరమ్మ గీసిన బొమ్మ నాకు పగలు రేయి కళ్ళముందు ఆడేది కానీ తల ఒప్పుకునేది కాదు. ఆమెకు బొమ్మ అవసరం లేదు. "గొర్రె కార్జంలో, మీరు కాలేయమనేదాంట్లో, ఇట్లాంటివి ఎన్ని సూసినానో. తెల్లగా, కొబ్బరి లేతముక్క మాదిరి పొర. లోపల నీళ్ళు. కొన్నిట్లో ద్రాక్షగుత్తి మాదిరి పిల్లతిత్తులు. దాని చుట్టూ ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డలు పరస్తారంట. సూదేసి నీళ్ళు లాగేసి, లోపలికి ఉప్పునీళ్ళు పోస్తారంట, పురుగు చచ్చేదానికి. ఆమీట పొర పీకి బయటికి. అంతే. ఉప్పుకు లొంగనిది యాడుండాది? తోలైనా, బోటైనా, పురుగైనా. మా పనే అది."

"నీ చేతిలో ఎప్పుడైనా పగిలిందా అక్కా?"

ఆమె ఎడమచెయ్యి కడుపు ముందరికి పోయింది. "పగిలితే ఏముండాది, నీళ్ళు కారిపోతాయి. కడిగేస్తే పోతాది."

"గొర్రెకు సరే. బతికున్న మనిషికో?"

"మనిషికీ అంతే పాపా. వాళ్ళు డాక్టర్లు, బెదిరించకపోతే మనం మాట వినము గదా."

నేను నమ్మాను. నమ్మాలనుకున్నాను కాబట్టి నమ్మాను. ఆ పూట మొదటిసారి కాస్త వాలి పడుకున్నాను.

మూడో రోజు సాయంత్రం వార్డు కిటికీలోంచి కొండ ఎర్రగా కనబడుతూ ఉంది. నేను గోవింద నామాలు చెప్పుకుంటున్నాను. ఆమె వింటూ, మధ్యలో అడిగింది. "పొద్దుగూకులా దేవుడేనా? ఇంటికాడ ఏం చేస్తావు?"

"వంట, పూజ. పూలు కడతాను. బహుళాష్టమి నాడు భైరవస్వామికి అన్నం పెడతాను."

"ఏ గుళ్ళో?"

"గుళ్ళో కాదు. మా గుమ్మం ముందరే. కుక్కకు పెడతాను. ఆయన వాహనం గదా. పెరుగన్నం, బెల్లం ముక్క."

"ఏం కుక్క?"

"నల్లది. ఎడమ చెవి సగం లేదు, పాపం."

ఆమె మెల్లగా లేచి కూచుంది. "తాకుతావా దాన్ని?"

"నుదుటన బొట్టు పెడతాను. తిన్నాక నా అరచెయ్యి నాకుతుంది. అది స్వామి దీవెన అనుకుంటాను."

"నాకినాక?"

"లోపలికొచ్చి తీర్థం తీసుకుంటాను."

"చెయ్యి కడుక్కోవా?"

"స్వామి ఎంగిలి కడుక్కుంటారా అక్కా?"

స్టూలు మీదున్న నీళ్ళ సీసా వైపు చూస్తూ ఉంది. తరవాత గొంతు తగ్గించి చెప్పింది. "ఆ చెవి తెగింది మా అంగడి ముందర, పాపా. కార్జం ముక్క కోసం ఇంకో కుక్కతో కరుసుకునింది. తిత్తులుండే కార్జం మనుషులు కొనరు. దాన్ని తీసి నేనే కుక్కలకు యేస్తా. పారెయ్యడం దేనికి, నోరులేని జీవి, తింటాది గదా అని. పుణ్యమే అనుకున్నా."

చిన్న డాక్టరు ఎందుకడిగాడో నాకప్పుడు తెలిసింది. గొర్రెలోని తిత్తిని కుక్క తింటే పురుగు కుక్క పేగుల్లో పెరుగుతుందని, దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి ఒంటికీ నాలుకకూ అంటుకుంటాయని, అక్కడినుంచి మనిషి నోటికి చేరుతాయని మర్నాడు డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ఆమె పుణ్యమనుకుని వేసింది. నేను పుణ్యమనుకుని తాకాను. మధ్యలో ఆ నల్ల కుక్క, తోక ఆడించుకుంటూ, రెండు సందుల మధ్య తిరిగింది.

నాకు ఆమె మీద కోపం రాలేదని చెబితే అబద్ధం. ఆ రాత్రి కొంచెం వచ్చింది. కోపం కన్నా భయమే పెద్దది. ఇన్నేళ్ళూ కళ్ళకద్దుకున్న అరచేతిని దుప్పటి కింద దాచుకుని పడుకున్నాను.

తరవాత రెండు రోజులు ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆయా మోకాళ్ళ గురించి మాట లేదు. మూడో నాడు పెద్ద డాక్టరమ్మ వచ్చి మర్నాడు మొదట నాకు, ఆ తరవాత ఆమెకు అని చెబుతుంటే లేచి కూచుంది.

"నన్ను ముందు తీసకపోమ్మా."

"ఎందుకు? మీకు నాలుగు తిత్తులు, చాలాసేపు పడుతుంది."

"అందుకే. నేను పోయొస్తే ఈ పాపకు ధైర్యం."

డాక్టరమ్మ ఆమెను చూసి, నన్ను చూసి, సరేనంది. ఆమె నా వైపు తిరిగింది. రెండు రోజుల తరవాత మాట్లాడిన మొదటి మాట అది. "నేను పోయి సూసొస్తా. అంతా బాగుంటే, బండి మీద తెచ్చేటప్పుడు చెయ్యెత్తుతా. నా చెయ్యి లేసిందంటే నువ్వు నోరెత్తకుండా పోవల్ల."

తెల్లారి తొమ్మిది గంటలకు పచ్చగౌను వేసి తీసుకుపోయారు. పోయేటప్పుడు కూడా హాస్యమాడింది. "నా కడుపులో సినిమా తీస్తారంట. ముప్పై ఏండ్లు గొర్రెల కడుపులు సూసినాను, ఇప్పుడు నాది ఒకరు సూస్తా ఉండారు. సరిపోయింది లెక్క."

నేను తలుపు వైపు తిరిగి కూచున్నాను. పది, పదకొండు. చక్రాల చప్పుడు వినబడినప్పుడల్లా మెడ చాచాను. ఒక బండి వచ్చింది, ఎవరో పిత్తాశయం ఆపరేషన్ ఆవిడ. ఇంకొకటి వచ్చింది, అది ఖాళీది. పన్నెండయింది. మా వారు తెచ్చిన జపమాల నా వేళ్ళమధ్య ఒకే పూసమీద ఆగిపోయింది. రెండు గంటలకు ఆమె కొడుకు వార్డు బయట మెట్లమీద తలపట్టుకుని కూచున్నాడని మా వారు చూసి వచ్చారు. ఆయాను అడిగితే నా ముఖం చూడకుండా చెప్పింది.

"ఐసీయూకి తీసకపోయినారు. సూది యేస్తానే ఒక తిత్తి కారిందంట. ఒళ్ళంతా దద్దుర్లు, బీపీ పడిపోయిందంట. గొంతులో గొట్టం పెట్టినారు."

చెయ్యి లేవలేదు. నాకు కావాల్సిన జవాబు అదే అనుకున్నాను. పగిలితే ఏమీ కాదన్న మనిషికే అయింది. నేను మంచం దిగి బట్టలు సంచిలో సర్దుకున్నాను. స్కానింగు కవరు, దువ్వెన, దేవుడి పటం.

"ఇంటికి పోదాం," అన్నాను మా వారితో. "ఉన్నన్నాళ్ళు ఉంటాను. కెమెరా వద్దు, సూది వద్దు. వంగకుండా బతుకుతాను."

ఆయన నన్ను ఎప్పుడూ బలవంతపెట్టని మనిషి. ఏమనాలో తెలియక డాక్టరమ్మను పిలుచుకొచ్చారు. ఆమె నా మంచం మీదే కూచుంది. అలసిపోయి ఉంది.

"మీ ఇష్టమమ్మా. ఆమెకు జరిగిందానికి మేం సిద్ధంగానే ఉన్నాం, మందిచ్చాం, ఆ నాలుగు రంధ్రాల్లోంచే పని పూర్తిచేశాం. కానీ అదే మీకు రైల్లో జరిగితే పక్కన ఎవరుంటారు?"

పోయినా చావు, ఉన్నా చావు అన్నట్టుంది నాకు. సంచి ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ అట్లాగే కూచున్నాను. ఆమె మంచం ఖాళీగా ఉంది. స్టూలు మీద సగం ఒలిచిన కమలాపండు ఎండిపోతూ ఉంది. నామాలు చెప్పుకుందామంటే మొదటి నామం దగ్గరే నాలుక తడబడింది.

పొద్దున ఏడు గంటలకు ఐసీయూ నర్సమ్మ ఒకతె వార్డులోకి వచ్చింది. చిన్న పిల్ల. గుమ్మంలో నిలబడి, "పాకాల పాప ఎవరు?" అంది. నలభై రెండేళ్ళ నేను సంచితో లేచి నిలబడ్డాను. ఆ పిల్ల నవ్వాపుకుంటూ కుడిచెయ్యి పైకెత్తింది. బడిలో హాజరు చెప్పినట్టు నిటారుగా ఎత్తి, అట్లాగే ఉంచింది.

"ఏందమ్మా?" అన్నాను.

"ఐసీయూలో ఉండే అక్క చెయ్యెత్తమనింది. గొట్టం తీసినాక మొదటి మాట ఇదే. నీళ్ళు కూడా అడగలేదు. ఎత్తి చూపిస్తే గానీ వదిలేట్టు లేదు. ఇదో, ఎత్తినా. చాలునా?"

నేను సంచి మంచం మీద పెట్టాను.

"ఇంకోటి చెప్పమనింది. ఆమెదంతా ముదురు తిత్తులంట, అందుకే కారిందంట. మీది లేతదంట. లేతది పగలదంట. డాక్టరమ్మే చెప్పిందంట."

ఆ పిల్ల చెయ్యి దించి వెళ్ళిపోయింది. నేను సంచి విప్పి పటం తీసి స్టూలు మీద పెట్టాను. రెండు చేతులూ జోడించాను. ఆ మధ్యాహ్నం నన్ను తీసుకుపోయారు.

లోపల చలి. పైన దీపాలు, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు. ఎవరో "ఉప్పునీళ్ళు రెడీనా?" అని అడిగారు. ఇంకెవరో రెడీ అన్నారు. ఉప్పుకు లొంగనిది యాడుండాది అన్న గొంతు చెవిలో వినబడింది. కళ్ళు మూతలు పడేటప్పుడు నా నాలుకమీద గోవిందుడున్నాడో ఉప్పే ఉందో, నిజంగా చెప్పలేను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఆయన తప్పు పట్టడు.

మెలకువ వచ్చేసరికి పక్కలోంచి ఒక గొట్టం, దాని చివర సంచి. బతికాను. మర్నాడు డాక్టరమ్మ గాయాలు చూడడానికి వస్తే అడిగాను. "లేత తిత్తి కాబట్టే పగల్లేదు కదమ్మా?"

"ఎవరు చెప్పారు? మీది పొర చాలా పలచన. అట్లాంటిదే త్వరగా పగులుతుంది. కెమెరాలో చూస్తూ మేమంతా ఊపిరి బిగబట్టాం."

"మీరే చెప్పారంట, ఎనిమిదో మంచం ఆమెతో."

"నేను ఆమెతో మీ గురించి ఏమీ మాట్లాడలేదే."

ఐసీయూలోంచి ఆమె తిరిగొచ్చిన రోజు నేను నిలదీశాను. ఇద్దరికీ పక్కల్లో గొట్టాలు, నవ్వితే నొప్పి.

"అబద్ధం చెప్పినావు గదా అక్కా."

"చెప్పకుంటే రైలెక్కి పోయుంటావు. సంచి కట్టినావంట గదా. ఆయా చెప్పింది."

"డాక్టరమ్మ పేరు కూడా వాడుకున్నావు."

"నా పేరు చెబితే నమ్ముతావా? బోటి కడిగేదాని మాట."

ఇంకో అబద్ధం నెల తరవాత తెలిసింది. పరీక్షకు ఇద్దరం ఒకే రైల్లో పోయాం. చంద్రగిరి దాటాక, కిటికీలోంచి చూస్తూ తనంతట తనే చెప్పింది.

"మా ఇంటాయన పోయి పదకొండేండ్లు. పొట్టేలు కుమ్మింది, కడుపులో. పెద్ద దెబ్బేం కాదు, లేసి బీడీ ముట్టించినాడు. ఆమీట ఒళ్ళంతా దద్దుర్లు లేసినాయి, దురదంటా గోక్కున్నాడు, ఊపిరాడలేదు. గంట కూడా పట్టలేదు. దేవుడు కొట్టినాడనుకున్నాము. కుక్కల్ని తాకి చెయ్యి కడగని దానికి కొట్టినాడని నాకిప్పుడు తెలిసింది." కిటికీ చువ్వ పట్టుకుంది. "ఆ డాక్టరమ్మ పగిలితే ఏమైతాదో చెబతా ఉంటే, నాకు ఆయన గోక్కునే చప్పుడు వినిపించింది."

అంటే వార్డులో మా ఇద్దరిలో, తిత్తి పగిలితే ఏమవుతుందో కళ్ళారా చూసినది ఆమె ఒక్కతే. అది తెలిసీ నాకు నీళ్ళు కారిపోతాయంతే అని చెప్పింది. అది తెలిసీ నన్ను వెనక్కి నెట్టి ముందు తను పోయింది. ఇంత భయాన్ని ఆమె ఆ జానెడు దూరంలో పెట్టిన చేత్తో మోసింది. రైలు తిరుపతి చేరిందాకా ఆమె పక్కనే కూచున్నాను, అంతే.

ఊరికొచ్చాక అంగడి వెనక లోతుగా గుంత తవ్వించింది. దానిమీద ఇద్దరు ఎత్తాల్సినంత బండ మూత. తిత్తి ఉన్న కార్జం కనబడితే పగలకుండా చుట్టూ కోసి, రెండు అరచేతుల్లో ఎత్తుకుపోయి అందులో వేసి సున్నం చల్లేది. కొడుకు విసుక్కుంటే, "నీ నాయన ఉండాడు రా ఆ గుంతలో" అనేదట. పశువుల డాక్టరును పట్టుకుని కుక్కలకు నులిపురుగుల మాత్రలు తెచ్చింది. కుక్క నాలుక నాలుక కాదు, కంసాలి తూకం. మాత్రను ఎందులో పెట్టినా కనిపెడుతుంది. అందుకని కార్జం బాగా ఉడికించి, మెత్తగా నలిపి, మాత్రను లోపల దాచి ఉండలు చుట్టేది. ఆ ఉండలే ఆమె స్టీలు గిన్నెలో తెచ్చేది. తేదీ గుర్తుపెట్టుకునే పని నాది.

నేను ఆకులో పెరుగన్నం పెట్టేదాన్ని. ఆమె దూరంనుంచి ఉండ విసిరేది. నల్లది ముందు ఉండ మింగి, తరవాత అన్నం తినేది. "సూడు, నీ భైరవుడు నా నైవేద్యమే ముందు తింటాడు," అని దెప్పేది. తరవాత కొళాయి తిప్పి, "కడుగు. మోచేతుల దాకా. స్వామి కోపగించుకోడులే, నేను చెబతా ఆయనకు," అనేది. నేను కడుక్కుంటుంటే పక్కన నిలబడి చూసేది, పిల్లలకు కాపలా కాసినట్టు. నల్లది పోయింది. దాని తరవాత మూడు వచ్చాయి. గిన్నె మాత్రం అదే. అప్పుడు కూడా గిన్నెను నా చేతికి ఇవ్వలేదు. కొళాయి దిమ్మె మీద పెట్టేది.

సున్నా చుట్టిన ఆదివారం వచ్చింది. పశువుల డాక్టరు దగ్గరికి నేనే పోయి మాత్రలు తెచ్చుకున్నాను. పెరుగన్నంలో దాచి పెట్టాను. కుక్క అన్నమంతా తిని మాత్రను ఆకు అంచున శుభ్రంగా వదిలేసింది. బెల్లంలో పెట్టాను, ఉమ్మేసింది. నెయ్యి పూసాను, నెయ్యి నాకింది. వీధిలో పిల్లలు ఆ కుక్క మెడ పట్టుకుని ఆడుతున్నారు. వాళ్ళ చేతులు చూస్తే నాకు డాక్టరమ్మ గీసిన బొమ్మే కనబడింది.

మాత్రలు తీసుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా ఆ సందులోకి పోయాను.

ఆమె కోడలు అంగట్లో ఉంది. నన్ను చూసి కత్తి కింద పెట్టేసింది. "అమ్మా, మీరు ఈడికొచ్చినారే?"

"ఈ పూట మందు రోజమ్మా."

"తెలుసు. అత్త చెప్పిపెట్టింది. ఉడకబెట్టినా. నేనే వద్దామనుకుంటా ఉండా, ఈ పని తెమల్లేదు."

కోడలి ముందరున్న కార్జంలో తెల్లగా ఒకటి ఉబ్బి ఉంది. చుట్టూ కోసి, అరచేతుల్లోకి ఎత్తి, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి పోయింది. కొడుకు, కోడలు కలిసి బండ జరిపిన చప్పుడు. అంగడి ముందర, నా వెనకే వచ్చిన మా వీధి కుక్కతో కలిపి, మూడు కుక్కలు కూచుని ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు.

చేతులు కడుక్కుని వచ్చి, గిన్నె తెచ్చి, మా మధ్యనున్న స్టూలు మీద పెట్టబోయింది. అత్త పెట్టినట్టే.

"ఆడ వద్దు తల్లీ," అన్నాను. "చేతికియ్యి."

గిన్నె వెచ్చగా ఉంది. నా పుట్టుకలో మాంసం తాకడం అదే మొదలు. బొటనవేలితో ఒక్కో మాత్రను లోపలికి నొక్కి, మూడు ఉండలు చుట్టాను. ఒక్కొక్కటీ విసిరాను. మూడూ మింగాయి.

తరవాత అంగడి ముందరి కొళాయి కింద మోచేతుల దాకా కడుక్కున్నాను, ఆమె పక్కన నిలబడి ఉంటే ఎంతసేపు కడిగించేదో అంతసేపు. కోడలు తువ్వాలు అందించింది. తుడుచుకోకుండానే ఆ తడిచెయ్యి పైకెత్తాను. బడిలో హాజరు చెప్పినట్టు, నిటారుగా. నీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నా కాసేపు అట్లాగే ఉంచాను.